లేపిన చెయ్యి

నవంబర్ 8, శుక్రవారం

రేపు ఫైనల్. గద్వాల పిల్లలకు, వనపర్తి పిల్లలకు. అండర్ సెవెంటీన్ అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కు ఇంతమంది వస్తరని అనుకోలే. ఇయ్యాల సెమీస్‌కే వనపర్తి గ్రౌండు గోడ పొంటి మనుషులు నిలవడ్డరు. నన్ను బేస్‌ల కాడ అంపైర్‌గ పెట్టిండ్రు. బ్యాటు కొట్టే జాగ ఎన్క, హోమ్ ప్లేట్ కాడ, ఇంతియాజ్ భాయ్. నాగర్‌కర్నూల్ల పీఈటీ, నా లెక్కనే బడి పిల్లలకు ఆటలు నేర్పుతడు. తక్కువ మాట్లాడ్తడు, ఆట మీదికెల్లి కన్ను తియ్యడు.

సాయంత్రం రాఘవేందర్ సార్ కలిసిండు. "యమునా, నీ పుట్టిల్లు గద్వాల, మెట్టినిల్లు వనపర్తి. రేపు ఎటుదిక్కు బిడ్డా?" అని నవ్విండు. నేను గూడ నవ్విన. సార్ గద్వాలల పనిచేసినప్పుడు నాకు బ్యాటు పట్టుడు నేర్పిండు. అంపైర్ పరీక్ష రాయమని ఎంటవడ్డది గూడ ఆయననే. ఇప్పుడు వనపర్తి టీమ్ ఆయనది. వచ్చే మార్చిల రిటైరు. ఒక్కసారన్న కప్పు పట్టుకోని పోవాలె అంటుండు.

అంపైర్ల నీలం అంగీ ఇస్త్రీ చేసి పెట్టుకున్న.

నవంబర్ 9, శనివారం

బంతి నేలకు తగిలింది. నేను చూసిన.

నవంబర్ 10, ఆదివారం

నిన్న రాయబుద్ధి కాలే. ఇయ్యాల మొత్తం రాస్త.

ఆఖరు ఇన్నింగ్. వనపర్తి ఒక్క రన్ ముందటుంది. గద్వాల బ్యాటింగు, ఇద్దరు అవుటైండ్రు. ఇంకొక్కరు అవుటైతే కప్పు వనపర్తిది. థర్డ్ బేస్ మీద గద్వాల పిల్ల ఒకామె హోమ్‌కు ఉరికి రన్ తీయనీకె తయారుగ ఉంది. సౌందర్య అనే పిల్ల బంతిని కొట్టింది. అది లెఫ్ట్ ఫీల్డ్ దిక్కు తక్కువ ఎత్తుల పోయింది. వనపర్తి పిల్ల రేఖ పక్క గీత దిక్కు అడ్డంగ ఉరికి బంతి మీదికి దునికింది. బొక్కబోర్ల పడ్డది. పడి, గ్లౌజుల బంతి ఉన్న చెయ్యి పైకి లేపింది.

నేను చూసిన. చూసి, జరసేపు ఆగిన. ఎందుకాగిన్నో తెల్వదు. గ్రౌండంత నా దిక్కే చూస్తుంది. రేఖ చెయ్యి గట్లనే పైకుంది. "అవుట్" అని పిడికిలి లేపిన.

డప్పులు మొదలైనయ్. వనపర్తి పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తుండ్రు, నవ్వుతుండ్రు. రేఖ మాత్రం నేల మీదనే కూసోని ఉంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలే.

గద్వాల కోచ్ వచ్చిండు. లొల్లి చెయ్యలే. "మేడం, బంతి కిందపడి లేసింది. మీ జోడీ అంపైర్‌ను ఒక్కసారి అడగుండ్రి" అన్నడు. రూలు ప్రకారం ఇంతియాజ్ భాయ్ తనంతట తాను నా కాల్ మీద నోరు తెర్వద్దు. నేను అడిగితేనే చెప్పాలె. అడుగుడు అడగకపోవుడు నా ఇష్టం. డప్పులు మోగుతున్నయ్. అడగకుంటే ఇంటికి పోతుంటి.

భాయ్ దిక్కు చూసిన. మాస్కు తీసి చేతుల పట్టుకోని నన్నే చూస్తుండు. 

పోయిన. "భాయ్, ఏం చూసినవ్?"

"అక్కా, గ్లౌజుల పడక ముందే నేలకు తగిలింది. దుమ్ము లేసింది."

"పక్కానా?"

"పక్కా."

తిరిగొచ్చి రెండు చేతులు అడ్డంగ చాపి క్యాచ్ కాదన్న. థర్డ్ నుంచి ఉరికిన పిల్ల అప్పటికే హోమ్ దాటింది, ఆ రన్ ఇచ్చిన. సౌందర్యను ఫస్ట్ బేస్ మీద నిలబెట్టిన. స్కోరు సమానమైంది.

డప్పులు ఒకేసారి ఆగలే. ఒక్కొక్కటే ఆగినయ్. అది ఇంకా భయం. రాఘవేందర్ సార్ నా కాడికి నడిచొచ్చిండు. మెల్లగనే అన్నడు, "చెయ్యి లేపినంక దించుతవా యమునా?"

"తప్పు చేసిన సార్. సరిజేస్తున్న."

"ఇదేనా నేను నేర్పింది?"

గోడ దిక్కు నుంచి నీళ్ల ప్యాకెట్ వచ్చి నా భుజానికి తగిలింది. ఇంకోటి ఇంతియాజ్ భాయ్ కాళ్ల కాడ పడ్డది. పోలీసాయన వచ్చి మనుషులను ఎన్కకు నూకిండు. ఆట మల్ల మొదలుపెట్టిచ్చిన. తర్వాత వచ్చిన పిల్ల బంతిని దూరం కొట్టింది. నేను నా నోటితోని ఫస్ట్ బేస్ మీద నిలబెట్టిన సౌందర్యనే ఉరికి ఉరికి హోమ్ చేరింది. గద్వాల గెలిచింది.

మమ్ములను ఆఫీసు రూముల కూసోబెట్టి తలుపు పెట్టిండ్రు. బయట బాగసేపు అరుపులు. భాయ్ చాయ్ తాగలే, నేను తాగలే.

ఎవరేమన్న అనుకోని. బంతి నేలకు తగిలింది. నేను చూసిన.

నవంబర్ 11, సోమవారం

పొద్దున ఖిల్లా ఘణపూర్ బస్సుల మా బడి పిల్లలు ఫోన్ చూస్తుండ్రు. నన్ను చూసి లోపల పెట్టుకున్నరు. అదేందో స్టాఫ్ రూముల తెలిసింది. ఎవరో గోడ మీద కూసోని వీడియో తీసిండ్రు. రేఖ దునుకుడు, చెయ్యి లేపుడు, నేను అవుట్ ఇచ్చుడు. దాని తర్వాత నేను మార్చుడు. బంతి ఎక్కడ పడ్డదో అండ్ల కనపడదు. కింద "పుట్టింటి అంపైర్" అని రాసిండ్రు.

పీఈటీల గ్రూపుల నూరు మాటలు. నేను ఒక్కటే పెట్టిన: "బంతి నేలకు తగిలింది. నేనే స్వయంగ చూసి సరిజేసిన."

మా ఆయన మహేందర్ మోటర్ల దుకాణం కాడ గూడ అదే ముచ్చటనట. అన్నం తినుకుంట అడిగిండు. "నువ్వు చూసినవ్ గద?"

"చూసిన."

"గట్లైతే భయం దేనికి?"

నేను భయపడ్డట్టు ఎప్పుడు కనపడ్డ?

నవంబర్ 12, మంగళవారం

సార్ ఉమ్మడి జిల్లా సాఫ్ట్‌బాల్ అసోసియేషన్‌కు ప్రొటెస్ట్ ఇచ్చిండు. అంపైర్ పక్షపాతం అని. నా పేరు రాసి, పక్కన నా పుట్టిన ఊరు రాసిండట. ఇరవైన పిలిచిండ్రు. అధ్యక్షుడు భీమన్న గారే విచారిస్తడట.

సార్‌కు ఫోన్ చేసిన. ఎత్తలే.

నవంబర్ 13, బుధవారం

ఇంతియాజ్ భాయ్ ఫోన్ చేసిండు. గొంతు జర తేడాగ ఉంది.

"అక్కా, మా హెడ్మాస్టర్‌కు ఎవరో ఫోన్ చేసి నా గురించి అడిగిండ్రట. కొత్త పోస్టింగు, పిల్లలు చిన్నోళ్లు, మీకు తెల్సు గద. మీరు గ్రూపుల స్వయంగ చూసిన అని పెట్టిండ్రు. గదే ఉండనియ్యుండ్రి. అంపైర్ కంటితోని చూసి ఇచ్చిన తీర్పు మీద ప్రొటెస్ట్ చెల్లదు. రూలే ఉంది. మీకు ఏం కాదు, నాకు ఏం కాదు."

"సరే భాయ్" అన్న.

"అడిగితే మాత్రం నేను చూసింది చెప్త అక్కా. అబద్ధమాడ. కాని అడగకుంటే మంచిది."

మంచిదే. ఎవరు అడుగుతరు.

నవంబర్ 14, గురువారం

బడిల బాలల దినోత్సవం. పిల్లలకు ఆటలు పెట్టిచ్చిన. లెమన్ స్పూన్ల ఎవరు గెలిచిండ్రో చెప్పమంటే చెప్పలేక ఇద్దరికి ఫస్ట్ ఇచ్చిన.

ఫైనల్ రోజు ఎండ నా ముఖానికి ఎదురుగ ఉండె. సాయంత్రపు ఎండ. ఊకెనే రాస్తున్న.

నవంబర్ 15, శుక్రవారం

బడి అయినంక వనపర్తి గ్రౌండుకు పోయిన. ఎవరు లేరు. నేను ఆ రోజు నిలవడ్డ జాగల మల్ల నిలవడ్డ. ఎండ గట్లనే కండ్లల్ల పడుతుంది. రేఖ దునికిన జాగ దిక్కు చూసిన. దాని వీపు నా దిక్కుండె. గ్లౌజు దాని ఒంటి కింద ఉండె. నాకు కనపడ్డది వీపు, కాళ్లు, తర్వాత పైకి లేసిన చెయ్యి. గంతే.

నేను చూడలే.

బంతి నేలకు తగులుడు చూడలే. గ్లౌజుల పడుడు చూడలే. చెయ్యి లేసింది కాబట్టి నా పిడికిలి లేసింది. భాయ్ చెప్పిండు కాబట్టి దించిన.

ఇంటికొచ్చి మహేందర్‌కు చెప్పిన. మోటరు వైండింగు తీగ చుట్టుకుంట విన్నడు. "అడిగి మార్చినవ్. అండ్ల తప్పేముంది?"

"ముందుగాల చూడకుండ అవుట్ ఇచ్చిన. ఇప్పుడు చూసిన అని అందరికి చెప్పుకుంట తిరుగుతున్న."

తీగ ఆపి నా దిక్కు చూసిండు. "భాయ్‌కు తప్పు కనపడి ఉంటే?" అన్నడు.

అది నేను అనుకోలే. అనుకోలే అని రాస్తున్న గని, వారం నుంచి అదే అనుకుంటున్న.

నవంబర్ 17, ఆదివారం

రేఖ వచ్చింది.

అత్తమ్మ పుష్పమ్మ వాకిలి ఊడ్చుకుంట, "ఎవరో పిల్ల గేటు కాడ నిలవడ్డది, లోపలికి రమ్మంటే వస్తలేదు" అన్నది. పోయి చూస్తే రేఖ. హాస్టల్ చున్నీ తలకు కట్టుకోని ఉంది. ఊరు వీపనగండ్ల, ఇక్కడ హాస్టల్ల ఉండి టెన్త్ చదువుతుంది. లోపల కూసోబెట్టి నీళ్లిచ్చిన. తాగలే.

"మేడం, బంతి కింద పడ్డది."

గ్లాసు తీసి పక్కన పెట్టిన.

"ముందు పడ్డది, తర్వాత నా గ్లౌజులకొచ్చింది. నాకు తెల్సు. చెయ్యి ఎందుకు లేపిన్నో తెల్వదు. అదే లేసింది. మీరు అవుట్ అన్నరు. అందరు ఉరికొస్తుండ్రు. ఇగ ఎట్ల చెప్పాలె?"

నాకు ఒంట్ల ఉన్న బరువంత దిగినట్టయింది. భాయ్ చూసింది నిజమే. నేను మార్చింది నిజమే. ముందుగాల నాకు తట్టింది అదే, ఆ పిల్ల ముఖం కాదు.

"ఎవరికన్న చెప్పినవా?"

తలకాయ దించుకుంది. "ఆ రోజే సార్‌కు చెప్పిన. రాఘవేందర్ సార్‌కు. కిట్టు సర్దుతుంటే పోయి చెప్పిన. సార్ గ్లౌజులు అన్ని సంచిల పెట్టిండు. తర్వాత, నీకు భ్రమ, ఊకో అన్నడు. మల్ల చెప్పిన. ఊకో బిడ్డా అన్నడు."

బయట అత్తమ్మ ఊడ్చుకుంట గేటు దాక పోయింది.

"ఇరవై నాడు నేనొచ్చి చెప్త మేడం. మిమ్ములను అందరు తిడుతుండ్రు. హాస్టల్ల గూడ."

నేను ఆలోచించిన. డిసెంబర్ల రాష్ట్ర క్యాంపు. ఈ పిల్ల పేరు అండ్ల ఉంది. క్యాంపుల మంచిగ ఆడితే స్పోర్ట్స్ కోటాల ఇంటర్ సీటు. ఈ మాట బయటికొస్తే మోసం చేసిన పిల్ల అంటరు. ఇంకోటి గూడ ఆలోచించిన. ఇది చెప్తే సార్ పేరు ఎట్లనన్న వస్తది. రిటైర్మెంటు ముంగట.

"వద్దు రేఖా. నువ్వు ఏం చెప్పకు. నేను చూసుకుంట. నువ్వు ఊకో."

ఆ పిల్ల నా దిక్కు చూసింది. కండ్లల్ల నీళ్లు లేవు.

"సార్ గూడ గదే అన్నడు మేడం."

లేసి పోయింది. గేటు గూడ పెట్టలే.

నవంబర్ 18, సోమవారం

నేను దాని మంచికే అన్న.

సార్ గూడ గదే అనుకోని ఉంటడు.

నవంబర్ 19, మంగళవారం

బడి నుంచి వచ్చేటప్పుడు హాస్టల్ కాడ దిగిన. వార్డెన్‌ను అడిగి రేఖను బయటికి పిలిపిచ్చిన. మెట్ల మీద కూసున్నం.

"మొన్న నేను అన్నది తప్పు. రమ్మని అనను, రావద్దని అనను. నీ ఇష్టం. నువ్వు వచ్చినా రాకున్నా, నేను చూడలే అన్న మాట మాత్రం రేపు నేను చెప్త."

"మీరు చూడలేదా మేడం?"

"లేదు."

ఆ పిల్లకు అది నమ్మబుద్ధి కాలే. అంపైర్ అంటే అంతా చూస్తరని అనుకున్నట్టుంది. "మరి అవుట్ ఎట్లిచ్చిండ్రు?" అన్నది.

"నువ్వు చెయ్యెట్ల లేపినవో గట్లనే."

మొదటిసారి జర నవ్వింది. మల్ల వెంటనే ముఖం దించుకుంది. "సార్ పేరు చెప్పాలెనా?"

"నిన్ను ఎవరేం అడుగుతరో నాకు తెల్వదు."

అది జవాబు కాదని ఇద్దరికి తెల్సు.

మహేందర్ అంటడు, ఆ పిల్లను నువ్వే చెయ్యి పట్టుకోని తీస్కపో, నీ పేరు బాగైతది అని. నేను తీస్కపోను.

నవంబర్ 20, బుధవారం

ఒక పెద్ద టేబులు. భీమన్న గారు, ఆయన పక్కన ఇద్దరు మెంబర్లు. ఒకదిక్కు నేను, ఇంతియాజ్ భాయ్. ఎదురుదిక్కు రాఘవేందర్ సార్. సార్ తెల్ల అంగీ వేసుకోని కడక్‌గ కూసున్నడు. నన్ను చూడలే.

ముందు నన్ను అడిగిండ్రు. "మేడం, మీరు బంతి నేలకు తగులుడు చూసి మార్చిండ్రా?"

పక్కన భాయ్ ఊపిరి బిగపట్టిండు. చూసిన అంటే అయిపోతది. ఆ ఒక్క మాట.

"చూడలే సార్. అవుట్ ఇచ్చినప్పుడు గూడ చూడలే. ఎండ ఎదురుగ ఉండె, పిల్ల వీపు అడ్డముండె. తెల్వక ఆలస్యం చేసిన, తెల్వకనే చెయ్యి లేపిన. తర్వాత ఇంతియాజ్ భాయ్‌ను అడిగి సరిజేసిన. గ్రూపుల చూసిన అని పెట్టింది అబద్ధం."

భీమన్న గారు భాయ్ దిక్కు తిరిగిండు. భాయ్ ఒక్కసారి నన్ను చూసి, "దుమ్ము లేసుడు నేను చూసిన సార్. ఇప్పుడు గూడ గదే చెప్త" అన్నడు.

"రాఘవేందర్, మీ టీమ్ కూసున్నది లెఫ్ట్ ఫీల్డ్ దిక్కే గద? మీకేం కనపడ్డది?"

"క్యాచ్ పట్టింది సార్" అన్నడు సార్.

నేను ఆయన చేతులు చూసిన. కుర్చీ అంచును గట్టిగ పట్టుకున్నయ్.

అప్పుడు తలుపు తెరుచుకుంది. రేఖ. బడి డ్రెస్సుల ఉంది. ఎట్లొచ్చిందో, ఎవరు తీస్కొచ్చిండ్రో నాకు ఇప్పటికి తెల్వదు. బయట కూసున్నాయన ఆపుతున్నా లోపలికొచ్చి నిలవడ్డది.

"బంతి కింద పడ్డది సార్. నేను పట్టలే. ఊకెనే చెయ్యి లేపిన."

భీమన్న గారు కండ్లద్దాలు తీసిండు. "మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే? ఎవరన్న వద్దన్నరా?"

రేఖ నేల చూసింది. సార్ దిక్కు చూడలే. చూడకుండ ఉండనీకె మెడ బిగపట్టుకుంది.

"ఎవరు అనలే సార్. నాకే భయమైంది."

పక్కనున్న మెంబరు టేబులు మీద కొట్టిండు. "ఏందమ్మా ఇది? దొంగ క్యాచ్ లేపి, ఊరంత లొల్లి పెట్టిచ్చి, పది రోజులు దాస్తవా? గిట్లాంటి పిల్లను రాష్ట్ర క్యాంపుకు పంపితే జిల్లా ఇజ్జత్ ఏం కావాలె? భీమన్న గారూ, ముందు ఈ పిల్ల పేరు కొట్టేద్దాం."

రేఖ పెదవి కొరుక్కుంది. సార్ కూసున్నడు. భాయ్ కూసున్నడు. నేను కూసున్న. ఆ మెంబరు పెన్ను తీసిండు.

నేను నోరు తెరిచిన. చెప్దమనే ఉండె. నిజంగనే చెప్దమనే ఉండె. కాని అప్పటికే ఎదురుంగ కుర్చీ ఎన్కకు జరిగిన చప్పుడైంది. రాఘవేందర్ సార్ లేసి నిలవడ్డడు.

"పిల్ల అబద్ధమాడుతుంది" అన్నడు.  "ఆ సాయంత్రమే నాకు చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేనే ఊకో అన్న. అది చెప్పకముందే నాకు తెల్సు, బంతి పడుడు నా కండ్ల ముంగటనే పడ్డది. ప్రొటెస్ట్ నాది, అబద్ధం నాది. ఇంకా నాలుగు నెలలైతే ఇంటికి పోయేటోన్ని. ఏం చేస్తరో నన్ను చెయ్యుండ్రి. పిల్ల పేరు ముట్టుకోకుండ్రి."

రేఖ అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులది ఒకేసారి. సార్ పోయి దాని తల మీద చెయ్యి పెడ్దమనుకున్నడు. సగం దాక పోయి చెయ్యి ఎన్కకు తీసుకున్నడు. బయటికి నడిచిండు. నా పక్క నుంచే పోయిండు.

నవంబర్ 23, శనివారం

అసోసియేషన్ తీర్పు చెప్పిండ్రు. గద్వాల గెలుపు గట్లనే ఉంటది. రేఖ క్యాంపుకు పోతది. సార్‌ను టీమ్ నుంచి తీసేసిండ్రు. నన్ను ఈ సీజన్ మొత్తం అంపైర్ల ప్యానెల్ నుంచి తప్పిచ్చిండ్రు, చూడకుండ కాల్ ఇచ్చి అబద్ధం రాసినందుకు. ఇంతియాజ్ భాయ్‌కు ఏం కాలే. ఫోన్ చేసి బాధపడ్డడు. "నీది కండ్లతోని చూసిన మాట భాయ్, నీకెందుకైతది" అన్న.

గ్రూపుల ఇప్పుడు సార్‌ను తిడుతుండ్రు. మొన్న నన్ను తిట్టినోళ్లే. నేను గ్రూపులకెల్లి బయటికొచ్చిన.

నవంబర్ 26, మంగళవారం

ఏం లేదు.

డిసెంబర్ 2, సోమవారం

పొద్దున బస్టాండుల సార్ కనపడ్డడు. తప్పుకోని పోదామనిపిచ్చింది. ఎవరు ముందు తప్పుకోవాలెనో తెల్వక ఇద్దరం నిలవడ్డం.

"బాగున్నరా సార్?"

"బాగున్న బిడ్డా."

ఎవరి బస్సు గురించి వాళ్లు చూసినం. తర్వాత సార్ అన్నడు, "రేఖ నీకు గూడ చెప్పిందట గద. విచారణకు ముందే."

"చెప్పింది సార్."

"నా పేరుతోని సహా?"

"ఆ."

"మరి ఆ రూముల ఎందుకు అనలే? నేను క్యాచ్ పట్టింది అన్నప్పుడు నువ్వు నా చేతులు చూస్తున్నవ్. అప్పుడు అంటవనుకున్న. ఆయన పెన్ను తీసినప్పుడన్న అంటవనుకున్న."

"చెప్దమనే ఉండె సార్."

"ఎప్పుడు?" అన్నడు.

కోపంగ కాదు. నిజంగనే తెల్సుకోవాలని అడిగినట్టు, గద్వాలల చిన్నప్పుడు నన్ను ఆట గురించి అడిగినట్టు.  ఖిల్లా ఘణపూర్ బస్సొచ్చింది. ఎక్కి కిటికీ కాడ కూసున్న. సార్ అక్కడనే నిలవడి నా దిక్కే చూస్తుండు. నా జవాబు కోసం కాదు, ఆయన బస్సు ఇంకా రాలే, గంతే.

తెల్వదు సార్. మీరు ఆ రూముల లేవకుంటే నేను లేస్తుంటినో, గట్లనే కూసుంటుంటినో, నిజంగ నాకు తెల్వదు.